గౌతు లచ్చన్న

సర్దార్ గౌతు లచ్చన్న (ఆగస్టు 16, 1909 - ఏప్రిల్ 19, 2006) స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు నాయకుడు, శాసనసభ్యుడు. ఆచార్య ఎన్.జి.రంగా ప్రధాన అనుచరుడు. సర్దార్ అన్నది ప్రజలు ఇచ్చిన బిరుదు. 1954లో మద్యనిషేధం ప్రశ్నపై ప్రకాశం ప్రభుత్వం పడిపోయిన ఘటనలో ఇతని పాత్ర ముఖ్యమైనది.

బాల్యం, స్వాతంత్ర్య పోరాటం

లచ్చన్న నేటి శ్రీకాకుళం జిల్లా సోంపేట సమీపాన సముద్రతీరంలోని బారువ గ్రామంలో చిట్టయ్య, రాజమ్మ దంపతులకు జన్మించాడు. అప్పట్లో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు గంజాంలో అధికభాగం అటు వెళ్ళగా, సోంపేట, టెక్కలి ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. లచ్చన్నది గీత వృత్తి కులానికి చెందిన కుటుంబం. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పాటు తాటిచెట్లు విస్తారం. చెట్టెక్కి కల్లు దించడమే జీవనాధారమైన కుటుంబాలు ఈ తీరమంతటా ఉండేవి. లచ్చన్న తరువాతి రాజకీయ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

1930లో ఉప్పు సత్యాగ్రహం నాటికి విద్యార్థిగా ఉన్న లచ్చన్న చదువు మాని ఉద్యమంలో చేరి జైలుకు వెళ్ళాడు. తరువాత జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమంలోకి వచ్చాడు. 1940 మార్చిలో పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ మహాసభ నిర్వహణలో పాలుపంచుకున్నాడు. ఆ తరువాత కొద్దిరోజులకే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగి గున్నమ్మ అనే రైతు మహిళ మరణించింది. ఆమెను వీరగున్నమ్మగా ఈ ప్రాంతం నేటికీ స్మరిస్తుంది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కూడా లచ్చన్న పాల్గొన్నాడు.

మద్యనిషేధం - ప్రభుత్వ పతనం

మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి అన్ని జిల్లాలకు విస్తరించింది. గాంధీజీ ఆశయం కావడం వలన కాంగ్రెసులో దీనిని బహిరంగంగా ప్రశ్నించినవారు తక్కువ. కాని తాటిచెట్టు మీద బ్రతికేవారికి ఇది ఆశయం కాదు, కూటి ప్రశ్న. లొట్టికి లోపల సున్నం పూసి, పులియని తీపి నీరు దించి బెల్లం చేసుకోవడానికి అనుమతి ఉండేది. అయితే కల్లు మీద వచ్చే రాబడికి అది సాటి రాలేదు. పైగా దించినది పులిస్తే కేసు అయ్యేది. 1951లో రంగా కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీ స్థాపించినపుడు లచ్చన్న ఆయన వెంట నడిచాడు. గీత కార్మికుల సమస్య ఆ పార్టీకి ప్రధానాంశాలలో ఒకటి అయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాడు. మద్యనిషేధం అమలుపై విచారణకు ఆయన ప్రభుత్వం విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. నిషేధం ఫలించలేదని, దానిని తొలగించాలని సంఘం సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సిఫారసును అంగీకరించలేదు. అడిగి తెలుసుకున్న తరువాత కూడా వినకపోవడమే గీత కార్మికులకు ఎక్కువ కోపం తెప్పించింది. వారి ఆందోళనకు లచ్చన్న నాయకత్వం వహించాడు. 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఓటర్ల అభిప్రాయం

మత్తుపదార్థాల విషయంలో ఓటరును నేరుగా ప్రశ్న అడిగే పద్ధతి కొన్ని దేశాలలో ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గంజాయి విధానంపై 2000 నుండి పలు నియోజకవర్గాలలో, ఎన్నికల బ్యాలెట్‌లోనే, చట్టబద్ధత లేని అభిప్రాయ ప్రశ్నలు పెట్టారు. తరువాత 2008, 2016లలో చట్టాన్నే మార్చే ఓటింగు జరిగింది. ఆంధ్రలో అటువంటి ఏర్పాటు లేదు. సార్వత్రిక ఎన్నికే అభిప్రాయ సేకరణ కావాలి.

1955 ఫిబ్రవరి ఎన్నికలు అలా కాలేదు. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న భయంతో కాంగ్రెసు, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఒకే కూటమిగా పోటీచేశాయి. ప్రభుత్వాన్ని పడగొట్టిన ప్రశ్న ప్రచారంలో వెనుకబడింది. 196 స్థానాలలో కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. వీటిలో కల్లు కోసం పడిన ఓట్లు ఎన్నో, నిషేధం కోసం పడినవి ఎన్నో చెప్పడం సాధ్యం కాదు. బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యాడు. నిషేధం మాత్రం కొనసాగింది. 1960ల చివరలో, బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా తొలగిపోయింది.

ఇదే ప్రాంతంలో నాలుగు దశాబ్దాల తరువాత గాలి ఎదురు దిశలో వీచింది. 1994లో సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానంతో పోటీచేసిన ఎన్.టి.రామారావును హిందూపురంతో పాటు టెక్కలి కూడా గెలిపించింది. 1995 జనవరిలో అమలైన ఆ నిషేధాన్ని 1997లో సడలించారు.

తరువాతి జీవితం

1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీలో లచ్చన్న ప్రముఖ నాయకుడు. 1967లో సోంపేట శాసనసభ స్థానంతో పాటు శ్రీకాకుళం లోక్‌సభ స్థానం నుండి కూడా గెలిచాడు. ఆ ఎన్నికలలో ఓడిపోయిన గురువు రంగా కోసం లోక్‌సభ స్థానాన్ని వదులుకోగా, ఉప ఎన్నికలో రంగా ఎన్నికయ్యాడు. అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించిన లచ్చన్న తరువాత జనతా పార్టీలో ఉన్నాడు. ఇతని కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీ సోంపేట, పలాస నియోజకవర్గాల నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. మనుమరాలు గౌతు శిరీష 2024లో పలాస నుండి గెలిచింది. వంశధార నదిపై హిరమండలం వద్ద ఉన్న గొట్టా బ్యారేజీకి లచ్చన్న పేరు పెట్టారు.