కోలారు గనులకిచ్చిన మాట

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు వినని ఇల్లు కోలారు సరిహద్దు గ్రామాలలో ఉండదు. తలపాగాతో ఉన్న ఆయన చిత్రపటమూ, సెప్టెంబరు 15న జరిగే ఇంజినీర్ల దినోత్సవమూ బడిపిల్లలకు సైతం పరిచితమే. అయితే ఆయన నిర్మించిన కన్నంబాడి ఆనకట్టకూ మన బంగారు గనులకూ గల సంబంధం చాలామందికి తెలియదు.

ఆయన 1861లో ముద్దేనహళ్లిలో జన్మించారు. ఆ గ్రామం నేడు చిక్కబళ్లాపుర జిల్లాలో ఉన్నప్పటికీ, 2007 వరకు కోలారు జిల్లాలోనిదే. పూర్వీకులు ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం నుండి వలస వచ్చినవారు. ఇంట తెలుగు, ఊరిలో కన్నడం. ఈ ప్రాంతపు పిల్లలకిది కొత్త సంగతి కాదు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు. ఆయన మరణించేనాటికి విశ్వేశ్వరయ్యకు నిండా పదహారేళ్లు లేవు. బెంగళూరులో మేనమామ అండన ఉంటూ, పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించిన డబ్బుతో చదువుకొని 1881లో బి.ఏ. పట్టా పొందారు. పూణెలో ఇంజినీరింగు చదివి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. వరద వచ్చినప్పుడు తమంతట తామే తెరుచుకునే తలుపులను ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చినది ఆయనే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తగా, నిజాం ప్రభుత్వం నగర రక్షణ ప్రణాళికకై ఆయననే పిలిపించింది. 1909లో మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజినీరు అయ్యారు.

అప్పటికి కోలారు గనులలో యంత్రాలు శివనసముద్రం విద్యుత్తుతో నడుస్తున్నాయి. 1902లో కావేరి జలపాతం నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఆ విద్యుత్తును గనులకు చేర్చారు. బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినది ఆ తరువాత, 1905లో. చిక్కల్లా వేసవిలోనే. నది సన్నగిల్లితే విద్యుత్తు తగ్గేది. గనులు లోతుకు పోయేకొద్దీ కంపెనీలకు మరింత విద్యుత్తు అవసరమయింది. కన్నంబాడి వద్ద వాననీటిని నిలిపి ఏడాది పొడవునా వదలగలిగితే గనులకు విద్యుత్తు, మండ్య పొలాలకు నీరు రెండూ దక్కుతాయని విశ్వేశ్వరయ్య లెక్కగట్టారు. ఇంత ఖర్చు దేనికని ఆర్థిక శాఖవారు సందేహించినా, మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు అనుమతించడంతో 1911లో పని మొదలయింది.

దిగువనున్న మదరాసు ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. తక్కువ ఎత్తుకే అనుమతి లభించినా, ఆయన పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపోయే వెడల్పుతో వేయించారు. మైసూరు వారికది దూరదృష్టి; మదరాసు వారికి మొండితనం. ఆ వివాదం 1924 ఒప్పందం వరకు సాగింది.

1912లో ఆయన దివాను అయ్యారు. ఆ పదవిలో చేరకముందే బంధువులను విందుకు పిలిచి, ఉద్యోగాల సిఫారసుల కోసం ఎవరూ తన వద్దకు రారాదని షరతు పెట్టారన్న సంగతి ప్రసిద్ధం. అధికారం చేతికి రాకముందే ఆ కష్టమైన మాట చెప్పడం గమనించదగినది. వచ్చిన తరువాత చెప్పడం ఎవరికైనా మరింత కష్టమే.

అదనపు విద్యుత్తును 1915లో గనులకు అందిస్తామని సంస్థానం మాట ఇచ్చింది. గడువు దగ్గరపడగా కావేరి పొంగింది, పని ప్రదేశంలో మలేరియా వ్యాపించింది. మాట తప్పితే పోయేది సొమ్మే కాదు, సంస్థానపు పరువు కూడా. వేలాది కూలీలు రాత్రులు దీపాల వెలుగులో సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీతో గోడ లేపారు. గడువులోగా విద్యుత్తు గనులకు చేరింది. ఆ ఘనతలో సగభాగమైనా ఆ కూలీలదే. కన్నంబాడి గ్రామమూ, దాని వేణుగోపాలస్వామి ఆలయమూ జలాశయంలో మునిగాయన్నదీ మరువరాదు.

ఆయన అన్ని తీర్పులూ కాలానికి నిలిచినవి కావు. వెనుకబడిన వర్గాలకు ప్రభుత్వోద్యోగాలలో ప్రత్యేక అవకాశాలు కల్పించాలని మహారాజు సంకల్పించినప్పుడు, ప్రతిభకు అడ్డు వస్తుందని విశ్వేశ్వరయ్య అంగీకరించలేదు. చదువుకు నోచుకోని కుటుంబాల పిల్లలకు ఆనాడు ఆ అవకాశం ఎంత అవసరమో నేడు మనకు తెలుసు. అయితే మనసులో ఒకటి ఉంచుకొని పదవి కోసం మరొకటి చేయడం ఆయనకు చేతకాలేదు. 1918లో దివాను పదవిని విడిచారు. మహారాజుతో వైరం పెట్టుకోలేదు. 1923లో భద్రావతి ఇనుప కర్మాగారం చిక్కులలో పడినప్పుడు పిలుపు రాగా, దాని బాధ్యతను స్వీకరించి నిలబెట్టారు.

1955లో భారతరత్న లభించింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటిన వయసులో బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలోనే జరిగాయి. సమాధి నేటికీ అక్కడ ఉంది.