షార్లెట్ బ్రాంటీ చదివిన రెండు బోర్డింగ్ స్కూళ్లు



అమ్మాయిని వచ్చే ఏడాది మంచి గర్ల్స్ రెసిడెన్షియల్ స్కూల్లో చేర్పించాలని మీలో కొంతమంది ఆలోచిస్తుంటారు. ఎంట్రన్స్ ఎప్పుడు, సీట్లెన్ని, ఫీజెంత అని వాకబు చేస్తుంటారు. అప్లికేషన్ నింపే ముందు, 'జేన్ ఐర్' నవల రాసిన షార్లెట్ బ్రాంటీ జీవితం ఒకసారి చదవండి.

షార్లెట్ 1816 ఏప్రిల్ 21న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో మూడోది. తండ్రి పాట్రిక్ హావర్త్ అనే ఊళ్లో చర్చి గురువు. ఐర్లండ్‌లో పేదింట్లో పుట్టి, కేంబ్రిడ్జి దాకా వెళ్లి చదువుకున్నారు. చదువు విలువ ఆయనకు బాగా తెలుసు. 1821లో తల్లి చనిపోయింది. ఐదుగురు ఆడపిల్లలను చదివించడానికి ఆయన జీతం చాలదు.

1824లో కోవన్ బ్రిడ్జ్‌లో చర్చి గురువుల కూతుళ్ల కోసం ఒక బోర్డింగ్ స్కూలు తెరిచారు. ఏడాదికి ఫీజు 14 పౌండ్లు. దాన్ని బలపరిచిన పెద్దల్లో, బానిసల వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఉన్నారు. అంత పేరున్న స్కూల్లో తక్కువ ఫీజుకు సీటు దొరికితే ఏ తండ్రి కాదంటారు? ఆ ఏడాది నలుగురు కూతుళ్లను అక్కడ చేర్పించారు. ఎనిమిదేళ్ల షార్లెట్‌ని చేర్చుకుంటూ, వయసుకు తెలివైనదే గానీ ఏదీ పద్ధతిగా నేర్చుకోలేదని స్కూలు రిజిస్టర్‌లో రాసుకున్నారు.

పిల్లకు ఏం రాదో స్కూలు చూసింది. పిల్ల ఆరోగ్యం మాత్రం అంత శ్రద్ధగా చూడలేదు. అంబలి మాడిపోయేది. ఆదివారం చలిలో రెండు మైళ్లకు పైగా నడిచి చర్చికి వెళ్లి, తడిసిన బూట్లతోనే రోజంతా కూర్చోవాలి. పెద్దక్క మరియాకు క్షయ పట్టింది. జబ్బు బాగా ముదిరాక గానీ తండ్రికి తెలియలేదు. 1825 ఫిబ్రవరిలో ఇంటికి తెచ్చుకున్నారు. మే 6న చనిపోయింది. పదకొండేళ్లు. రెండో అక్క ఎలిజబెత్ జూన్ 15న పోయింది. పదేళ్లు. అప్పటికే తండ్రి వెళ్లి షార్లెట్‌నీ, ఎమిలీనీ ఇంటికి తీసుకొచ్చేశారు.

తర్వాత అయిదేళ్లకు పైగా షార్లెట్ ఇంట్లోనే చదువుకుంది. 1831 జనవరిలో, పద్నాలుగేళ్ల వయసులో, రో హెడ్ అనే మరో బోర్డింగ్ స్కూల్లో చేరింది. అక్కడ ఉన్నది పది మంది వరకు మాత్రమే. గ్రామర్, జాగ్రఫీలో వెనకబడి ఉందని హెడ్‌మిస్ట్రెస్ మిస్ వూలర్ కింది క్లాసులో కూర్చోబెట్టాలనుకున్నారు. షార్లెట్ ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి ఆవిడ, పై క్లాసులోనే ఉండి, రానివి విడిగా చదువుకొమ్మన్నారు. ఏడాదిన్నరలో షార్లెట్ అందరికంటే ముందుకొచ్చి మెడల్ అందుకుంది.

1835లో అదే స్కూల్లో టీచరుగా చేరుతూ చెల్లెలు ఎమిలీని వెంట తీసుకెళ్లింది. మంచి స్కూలే, సొంత అక్కే టీచరు. అయినా ఇంటి మీద బెంగతో ఎమిలీ చిక్కి శల్యమైంది. అక్కల గతి షార్లెట్‌కి గుర్తుంది. ఆలస్యం చేయకుండా కొద్ది నెలల్లోనే ఇంటికి పంపించేసింది. ఆ ఎమిలీయే తర్వాత 'వుదరింగ్ హైట్స్' రాసింది.

1844లో అక్కచెల్లెళ్లు తమ ఇంట్లోనే బోర్డింగ్ స్కూలు పెట్టాలనుకున్నారు. ఏడాదికి 35 పౌండ్ల ఫీజుతో ప్రకటన అచ్చు వేయించారు. ఒక్క పిల్ల కూడా చేరలేదు. 1847లో 'జేన్ ఐర్' వచ్చింది. అందులోని లోవుడ్ స్కూలుకు మూలం కోవన్ బ్రిడ్జే. అక్కడ చనిపోయే హెలెన్ బర్న్స్‌లో ఉన్నది పెద్దక్క మరియా.

1854లో షార్లెట్ పెళ్లయింది. ముందురోజు రాత్రి తండ్రి చర్చికి రానన్నారు. ఆయన స్థానంలో నిలబడి కన్యాదానం చేసినంత పని చేసింది రో హెడ్ టీచరు మిస్ వూలరే. మరుసటి ఏడాది మార్చి 31న, 38 ఏళ్లకే షార్లెట్ కన్నుమూసింది.

పాట్రిక్ పిల్లల బాగు కోరే ఆ స్కూలును ఎంచుకున్నారు. ఆయన కాలంలో ఫోన్ లేదు. మీకు ఉంది. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు రిజల్ట్స్ అడిగాక ఇవి కూడా అడగండి. జ్వరం వస్తే ఎంతసేపట్లో మాకు ఫోన్ చేస్తారు? రాత్రి సిక్ రూమ్‌లో ఎవరుంటారు? ఒక్కో వార్డెన్ ఎంతమందిని చూసుకుంటారు? వెనకబడిన సబ్జెక్టులో ఎవరు సాయం చేస్తారు? మధ్యలో తీసుకెళ్లాల్సి వస్తే ఫీజు సంగతేమిటి? మా రెసిడెన్షియల్ క్యాంపస్‌కి వచ్చినా ఇవే అడగండి. జవాబులు విన్నాక, వెళ్లాలని ఉందా అని మీ అమ్మాయిని కూడా అడగండి.