పింగాణీ పూలను ప్రేమించిన నవాబు

మన ఇళ్లకు కొత్త చుట్టాలు వస్తే అలమార పై అరలోని పూల కప్పులు కిందికి దిగుతాయి. మణికొండలో ఈమధ్య లేచిన అపార్టుమెంట్లలో కూడా నానీమా కాలంనాటి చాయ్ సెట్టును పదిలంగా దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. కప్పు పగిలితే ఇల్లాలి మనసు చివుక్కుమంటుంది. ఇటువంటి కప్పులను, సాసర్లను, పళ్లాలను ఒక జీవితకాలమంతా ప్రేమించిన వ్యక్తి మన హైదరాబాదులోనే ఉండేవారు. ఆయనే నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. తండ్రి రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీఖాన్. బిడ్డ పుట్టి నెల తిరగకముందే తండ్రి కన్నుమూశారు. తాత మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుండి 1883 వరకు ముప్ఫై ఏళ్లు నిజాం రాజ్యానికి దివానుగా పనిచేసిన గొప్ప పరిపాలకుడు. ఇంత పెద్ద పేరుకు వారసుడైన పసివాడి ఆలనాపాలనా ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చూశారు. బాలుడు పెద్దవాడై నిజాం కాలేజీలో చదువుకున్నారు.

1912లో ఏడవ నిజాం ఆయనను ప్రధానమంత్రిగా నియమించారు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లు. ఆ పదవిలో ఎంతోకాలం ఉండలేదు. 1914 నవంబరులో రాజీనామా చేశారు. తరువాత మళ్లీ అధికారం వైపు చూడలేదు. పెళ్లి కూడా చేసుకోలేదు. పుస్తకాలు, చిత్రాలు, పాత్రలు, గడియారాలు సేకరించడమే ఆయన లోకమైంది. ఐరోపా దేశాలు తిరిగి కొన్నారు. ఆయన అభిరుచి తెలిసిన వ్యాపారులు దేశదేశాల నుండి దివాన్ దేవిడీ గుమ్మంలోకే సరుకు తెచ్చేవారు.

ఆ సేకరణలో పింగాణీది ప్రత్యేక స్థానం. చైనా, జపాను పాత్రలతోపాటు ఫ్రాన్సులోని సెవ్ర్, జర్మనీలోని మైసెన్, ఇంగ్లండులోని వెడ్జ్‌వుడ్ తయారీలు అందులో చేరాయి. లేతాకుపచ్చ రంగు సెలడాన్ పళ్లాలు కూడా ఉన్నాయి. విషం కలిసిన అన్నం పెడితే ఆ పళ్లెం రంగు మారుతుందనో, పగులుతుందనో పాతకాలపు నవాబులు నమ్మేవారు. అటువంటి శక్తి దానికి లేదు. ఆ నమ్మకం మాత్రం దాని విలువను పెంచింది.

పింగాణీ కథలో ముస్లిములకూ వాటా ఉంది. బంగారు, వెండి పాత్రలలో తినడం, తాగడం దైవప్రవక్త (స) వారించారు. కనుక మంచి మట్టిపాత్రకు ముస్లిం సమాజంలో గౌరవం పెరిగింది. చైనావారి తెల్లని పింగాణీపై కనిపించే నీలిపూలకు వాడిన కోబాల్టు రంగు 14వ శతాబ్దంలో ఇరాన్ వైపు నుండి చేరింది. అక్కడి పాత్రలు ముస్లిం వర్తకుల ఓడలలో పడమటికి ప్రయాణించాయి. తెల్లమన్నును దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాల్చే ఆ రహస్యం ఐరోపాకు చాలాకాలం అంతుపట్టలేదు. చివరకు 1710లో మైసెన్‌లో కార్ఖానా వెలిసింది. గులాబీలు, లతలు, బంగారు అంచులతో మనం ఇష్టపడే చాయ్ సెట్లకు దారి అక్కడినుండి పడింది.

ఒక మాట మరువరాదు. నవాబుగారి రాబడి జాగీర్ల నుండి వచ్చింది. జాగీరు రాబడి అంటే రైతు చెమట. ఆ ధనంతో కొన్న సొగసైన కప్పులో రైతు చాయ్ తాగి ఉండడు. ఈ బాకీ తీరిన తీరే ఆయన కథలో అసలు విశేషం.

1949 మార్చి 2న ఆయన మరణించారు. దాయిరా మీర్ మోమిన్‌లోని కుటుంబ శ్మశానవాటికలో ఖననం చేశారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. సంతానం లేదు. దేవిడీ నిండా వేలాది వస్తువులు. దూరపు బంధువులు పంచుకుంటే, వేలంలో అమ్ముకుంటే నలభై ఏళ్ల శ్రమ చెల్లాచెదురయ్యేది. అలా జరగలేదు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియంను నెహ్రూ ప్రారంభించారు. 1958లో వారసులు న్యాయస్థానం ద్వారా రాజీపడి సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి మారింది.

ఇప్పుడు రైతు మనుమడు, నవాబు మనుమడు ఒకే టికెట్టు కొని ఒకే గాజు బీరువా ముందు నిలబడతారు. బీరువాలోని కప్పు ఎవరి సొత్తూ కాదు, అందరి సొత్తు.

శుక్రవారం మ్యూజియంకు సెలవు. మరో రోజున పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి. మన సంపద మన చేతిలో ఉండేది కొద్దికాలమే. అది మన తరువాత ఎవరికి ఉపయోగపడుతుందన్న ప్రశ్నే మిగులుతుంది. వారసుడు లేని ఆ నవాబు సంపదకు ఊరంతా వారసురాలైంది. ఇంట్లో ఉన్న పూల కప్పును కూడా దాచి ఉంచడంకన్నా, వచ్చిన అతిథికి అందులో చాయ్ పోసి ఇవ్వడమే దానికి శోభ.