యవనజ్యోతిర్వేత్తయగు టాలెమీ చరిత్రము

కృష్ణామండలమునందలి హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలిచి చూచినయెడల, విజయవాడనుండి ఏలూరునకుఁ బోవు పెద్దబాటయు, దానిని దాఁటి యుత్తరమున నూజివీటికిని దక్షిణమున గుడివాడకును బోవు త్రోవలును గానవచ్చును. ప్రతిదినమును వేలకొలఁది జనులు ఈ త్రోవల నడచుచుందురు. ఈ ప్రాంతపు నదిని, రేవులను, పట్టణములను గూర్చి యించుమించుగాఁ బందొమ్మిదివందల యేండ్లక్రిందట అలెగ్జాండ్రియా నగరమున నివసించిన యొక యవనుఁడు తన గ్రంథమున వ్రాసియుంచెనని యెఱిఁగినవారు వారిలోఁ గొలఁదిమందియే యుందురు. ఆ యవనుని పేరు క్లాడియస్ టాలెమీ. ఆతని చరిత్రమును మేమిచట సంగ్రహముగాఁ జెప్పఁదలఁచితిమి. మన నేలను వర్ణించిన పరదేశీయుఁడన్న సంతోష మొక్కటియే యిందులకుఁ గారణముగాదు. సత్యాన్వేషణమువలన లోకమునకుఁ గలుగు మేలెట్టిదో, ఒక పండితుని గ్రంథమును బ్రశ్నింపరాని ప్రమాణముగాఁ జేసికొనుటవలనఁ గలుగు కీడెట్టిదో, రెండును ఈతని చరిత్రమునఁ గనఁబడుచున్నవి. కాఁబట్టి యిది మన సోదరులకుఁ జదువఁదగినదని మా యభిప్రాయము.

మన ప్రాచీనగ్రంథములలోను శాసనములలోను యవనులని చెప్పఁబడినవారు ప్రధానముగా గ్రీకులు. వారి చరిత్రము మిక్కిలి పొడవైనది. ఏథెన్సు నగరమునఁ బ్రజాపరిపాలనము వర్ధిల్లుటయు, ఆ ప్రజలే క్రీ. పూ. 399లో సోక్రటీసునకు విషపానము శిక్షగా విధించుటయు, మాసిడోనియా రాజగు అలెగ్జాండరు క్రీ. పూ. 326లో సింధునదిని దాఁటి పంజాబునకు వచ్చుటయు మన చదువరులెఱిఁగినవియే. ఆ యలెగ్జాండరు క్రీ. పూ. 331లో ఈజిప్టు దేశపు సముద్రతీరమునఁ దన పేరిట నొక పట్టణమును స్థాపించెను. ఆతని యనంతరము టాలెమీ యను సేనాని యా దేశమున కధిపతి కాఁగా, ఆతని వంశమువారు క్రీ. పూ. 30లో క్లియోపాత్రా రాణి మరణించువఱకు నేలిరి. ప్రసిద్ధమైన గ్రంథాలయమును విద్వత్సభయు వారి కాలముననే యచ్చట వెలసినవి. తరువాత నా దేశము రోమకుల వశమయ్యెను. మన కథానాయకుఁడు ఈ రోమకప్రభుత్వకాలమువాఁడు. పేరొక్కటియే యగుటచేఁ బిమ్మటి చిత్రకారులు పలువురు ఆతనికిఁ గిరీటము పెట్టి రాజునుగాఁ జిత్రించిరి. ఆతఁడు రాజు గాఁడు, పండితుఁడు.

టాలెమీ క్రీ. శ. 100 ప్రాంతమున జనించి 170 ప్రాంతమునఁ బరలోకగతుఁడయ్యెనని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆతని జీవితమున యుద్ధములు లేవు, మహిమలును లేవు. రాత్రులయందు ఆకాశమును బరీక్షించుట, పగటియందు లెక్కలు కట్టుట, పూర్వుల గ్రంథములను శోధించుట, యిదియే యాతని జీవితము. క్రీ. శ. 127 మొదలు 141 వఱకుఁ దాను స్వయముగాఁ జూచిన గ్రహణములను గ్రహస్థితులను దినములతోఁగూడ వ్రాసియుంచుటచేతనే యాతని కాలము మనకు నిశ్చయముగాఁ దెలియుచున్నది.

ఆతని శీలమును దెలుపు వృత్తాంత మొకటి కలదు. క్రీ. శ. 147 ప్రాంతమున నాతఁడు అలెగ్జాండ్రియాకు సమీపమునందలి కనోపసు పట్టణమునఁ దన సిద్ధాంతమునందలి ముఖ్యమైన యంకెలను శిలపైఁ జెక్కించి దైవమునకు సమర్పించెను. తరువాత మఱల శోధింపఁగా వానిలోఁ గొన్ని సరియైనవి గావని తోఁచెను. అంతట నాతఁడు పదుమూఁడు కాండముల మహాగ్రంథమును బూర్తిచేయుచు, అందు ఆ యంకెలను నిస్సంకోచముగా మార్చెను. శిలపైఁ జెక్కించినవాఁడును దానే. దానిని దిద్దినవాఁడును దానే. మా కథకంతటికిని ఈ యొక్క సంగతియే మూలమని చదువరులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఆ మహాగ్రంథమునకు అరబ్బులు పెట్టిన పేరునుబట్టి అల్మజెస్టు అని ప్రసిద్ధి. అందు 48 నక్షత్రమండలములుగా విభజింపఁబడిన 1,022 నక్షత్రముల స్థానములును గాంతియు వ్రాయఁబడినవి. సూర్యచంద్రుల గతులును, గ్రహణములను ముందుగాఁ దెలిసికొను విధమును వివరింపఁబడినవి. ఆతని మతమున భూమి విశ్వమధ్యమున నిశ్చలముగా నుండును. గ్రహము ఒక చిన్నవృత్తమునఁ దిరుగుచుండఁగా, ఆ చిన్నవృత్తపు కేంద్రము భూమిచుట్టునున్న పెద్దవృత్తముపై నడచుచుండును. గ్రహములు కొంతకాలము ముందునకు నడచి, నిలిచి, వెనుకకు మరలినట్లు కనఁబడు వక్రగతికి ఈ కల్పనచేత లెక్క కుదిరినది. మూలభావము తప్పైనను, ఆ లెక్కలు వాడుకకుఁ బనికివచ్చుటచేతనే యది చిరకాలము నిలిచెను.

ఆతని రెండవ మహాకార్యము భూగోళశాస్త్రము. ఎనిమిది కాండములుగల యీ గ్రంథమున నించుమించుగా 8,000 స్థలముల పేళ్లును, వానిలోఁ జాలవానికి అక్షాంశరేఖాంశములును గలవు. తనకుముందు భూగోళమును వ్రాసిన టైరు నగరవాసియగు మరీనసు నాతఁడు గౌరవించుచునే యాతని తప్పులను దిద్దెను. వర్తకులు తమ ప్రయాణములను గొప్పచేసి చెప్పుటకై దూరములను బెంచుదురు గనుక వారి మాటలను బరీక్షింపవలెననియు, దేశములు కాలక్రమమున మాఱును గనుక నన్నిటికంటెఁ గ్రొత్తవైన వార్తలనే గ్రహింపవలెననియు నాతని నియమము.

ఇఁక మన దేశపు సంగతి చూతము. ఆ గ్రంథమున మన తీరము మైసోలియా యనియు, కృష్ణానది మైసోలస్ అనియుఁ బేర్కొనఁబడినవి. కొంటకోస్సిలా యను వర్తకపు రేవు దివిసీమకుఁ జేరువనున్న ఘంటసాల యని చరిత్రకారులు గుర్తించిరి. ఘంటసాల శాసనములలోను నాగార్జునకొండ శాసనమునను గనఁబడు కంటకసోల, కంటకసేల యను పేళ్లీ గుర్తింపునకు బలమిచ్చుచున్నవి. పితుంద్ర యను ముఖ్యపట్టణము ఖారవేలుని హాథిగుంఫా శాసనమునందలి పిథుండమని పలువురి మతము. బెనగౌరన్ అనునది ఏలూరునకు ఉత్తరముననున్న పెదవేగి, అనఁగా వేంగీపురము, కావచ్చునని కొందఱందురు. దక్కనులోఁ బైఠానుపురమున సిరిపులుమావి యేలుచుండెనని చెప్పి, ఆతఁడు శాతవాహనరాజుల కాలనిర్ణయమునకును గొప్పసాయము చేసెను. సువర్ణభూమికిఁ బోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమునఁ బ్రవేశించు స్థానమును సయితము మన తీరముననే యాతఁడు చూపెను.

ఈ మాటలు చదువునప్పుడు మా మనస్సున సంతోషమును విచారమును గూడఁ గలుగుచున్నవి. టాలెమీకి ముందు నూఱేండ్లనాఁటి యొక గ్రీకు నావికుని గ్రంథమున మసాలియా యను ఈ తీరమున సన్నని వస్త్రములు విస్తారముగా నేయఁబడుచున్నట్లున్నది. శాతవాహనుల నాణెములపై నోడల రూపములున్నవి. మహానావికుఁడను బిరుదుగలవాఁడు ఘంటసాల బౌద్ధశాసనమునఁ గనఁబడుచున్నాఁడు. అట్టి జాతి పిమ్మట సముద్రయానము పాతకమని నమ్మి, విద్యకై సీమకుఁ బోయివచ్చినవానిని ప్రాయశ్చిత్తము లేనిదే పంక్తికిఁ జేరనీయని స్థితికి వచ్చెను. ఆ నిషేధమే సనాతనధర్మమని వాదించినవారు, ఆ నావికుల సంతతి తామేయని యెఱుఁగకపోయిరి.

విద్య సముద్రమును దాఁటుటకు జాతిభేద మడ్డురాలేదు. మన జ్యోతిషమున నిత్యము వినఁబడు హోర, కేంద్రము, లిప్త, జామిత్రము మొదలగునవి గ్రీకుపదములనుండి వచ్చినవే. వరాహమిహిరుఁడు ఆఱవ శతాబ్దమున సంగ్రహించిన యైదు సిద్ధాంతములలో నొకటి రోమకసిద్ధాంతము. యవనులు మ్లేచ్ఛులైనను, ఈ శాస్త్రము వారియందుఁ జక్కఁగా నెలకొనియుండుటచే ఋషులవలెఁ బూజింపఁబడుచున్నారని యాతని యభిప్రాయము. పదునాలుగు శతాబ్దములక్రిందట నొక పండితుఁడు చెప్పిన యీ ధర్మమును, పంచాంగము చేతఁబట్టుకొని జన్మమునుబట్టి మనుజుని యోగ్యతను నిర్ణయించువారు ఒకమాఱు తలంచుకొందురుగాక.

టాలెమీ తప్పులను మేము దాఁచఁబోము. క్రీ. పూ. మూఁడవ శతాబ్దమున ఎరటోస్తనీసు భూమి చుట్టుకొలతను 2,52,000 స్టేడియములుగా లెక్కింపఁగా, ఈతఁడు దానిని విడిచి 1,80,000 అను తక్కువ యంకెను గ్రహించెను. ఈతని పటమున మన దక్షిణాపథము సముద్రములోనికిఁ జొచ్చుకొనిపోక యణఁగియున్నది. సింహళద్వీపము చాల రెట్లు పెద్దదైనది. భూమిని చిన్నదిగాను ఆసియాను మిక్కిలి పొడవైనదిగాను దలఁచిన యీ సంప్రదాయమే 1492లో కొలంబసు పశ్చిమముగా నోడ నడపుటకు ధైర్యము నిచ్చెను. సేమోసు ద్వీపవాసియగు అరిస్టార్కసు, భూమియే సూర్యునిచుట్టుఁ దిరుగుచున్నదని ముందే చెప్పియుండెను. టాలెమీ భూమికిఁ దిరుగుడు లేదనియే వాదించెను. భూమి తిరిగినచో మేఘములును పక్షులును వెనుకఁబడవలయునని యాతని తర్కము.

మన దేశమునను ఇట్లే జరిగెను. క్రీ. శ. 499లో నార్యభటుఁడు నక్షత్రములు పశ్చిమమునకుఁ బోవునట్లు కనఁబడుట భూమి తిరుగుటచేతనే యని చెప్పెను. వరాహమిహిర బ్రహ్మగుప్తులు ఆ మాటను ఖండించిరి. తరువాతి వ్యాఖ్యాతలు సయితము దానికి వేఱర్థము చెప్పి మఱుఁగుపఱచిరి. అచ్చటను నిచ్చటను సత్యమును ద్రోసివేసినవారు మూర్ఖులు గారు, మహాపండితులే. పాండిత్యమొక్కటియే సత్యమునకు రక్షణము గాదని దీనివలనఁ దెలిసికొనవలయును.

టాలెమీ యనంతరము ఆతని గ్రంథము దేశదేశములకుఁ బోయెను. నాలుగవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో థియోను దానికి వ్యాఖ్యానము వ్రాసెను. ఆతని కుమార్తెయగు హైపేషియా యా వ్యాఖ్యానమునఁ గొంతభాగమును బరిష్కరించి, గణితమును దత్త్వమును బురుషులకు బోధించెను. క్రీ. శ. 415లో మతావేశపరవశులగు జనులామెను గ్రూరముగాఁ జంపిరి. స్త్రీకి శాస్త్రవిద్య తగదనువారు హైపేషియా జీవితమునుగాంచి సిగ్గుపడవలయును. మతద్వేషమును బెంచువారు ఆమె మరణమునుగాంచి భయపడవలయును.

తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో అరబ్బులు ఆ గ్రంథమును దమ భాషలోనికిఁ దెచ్చి తప్పులు వెదకి దిద్దిరి. 1175లో టోలెడోలో గెరార్డు దానిని లాటినులోనికి మార్చెను. మన దేశమున జయసింహుని యాస్థానపండితుఁడగు జగన్నాథుఁడు 1732లో అరబ్బీనుండి దానిని సంస్కృతీకరించి సమ్రాట్‌సిద్ధాంతమని పేరిడెను. భూగోళగ్రంథమును 1295 ప్రాంతమున కాన్‌స్టాంటినోపిలులో ప్లానూడీసు అను సన్న్యాసి వెదకి యుద్ధరించెను. 1453లో నా నగరము తురుష్కుల వశమైనను గ్రీకుభాషయు విద్యయు నశింపలేదు. 1821లో గ్రీకులు స్వాతంత్ర్యమునకై లేచిరి. 1830లో వారి రాజ్యము స్వతంత్రమని యూరపు ప్రభుత్వములంగీకరించెను. తన పూర్వుల విద్యను మఱవని జాతి నాలుగువందల యేండ్ల పరాధీనతను సయితము దాఁటఁగలదనుట కిది నిదర్శనము.

ఇంతలో పాశ్చాత్యదేశములలో టాలెమీ మతము ధర్మశాస్త్రముతో ముడివడి యెదురాడరానిదయ్యెను. 1543లో కోపర్నికసు భూమి సూర్యునిచుట్టుఁ దిరుగుచున్నదని ప్రకటించెను. 1633లో నా మతమును సమర్థించినందులకు వృద్ధుఁడగు గెలీలియోను మతాధికారులు విచారించి, మోఁకాళ్లపై నిలిపి, తన మాటను దప్పని చెప్పించిరి. శిలపైఁ జెక్కిన తన యంకెలను దానే దిద్దుకొన్న టాలెమీ పేరిట ఈ నిర్బంధము జరుగుట యెంత వింత!

ఆతఁడు హిప్పార్కసు నక్షత్రపట్టికను దన పేరిట వ్రాసికొనెనని కొందఱు నింద మోపిరి. ఈ వివాదము చిరకాలము సాగెను. 2022లో సీనాయి పర్వతమునందలి సెయింట్ కేథరీను మఠపు పాఁత చర్మపత్రములపైఁ జెఱిపివేయఁబడిన వ్రాఁతను శాస్త్రజ్ఞులు క్రొత్త ఛాయాపద్ధతులచేఁ జదివి, హిప్పార్కసు పట్టికలోఁ గొంతభాగమును గనుఁగొనిరి. ఆ యంకెలు టాలెమీ యంకెలకంటె సరియైనవిగా నున్నవి; రెంటికిని భేదముండుటచేత టాలెమీ కేవల మొక్కరి పట్టికనే యెత్తివ్రాయలేదనియుఁ దోఁచుచున్నది. రెండువేల యేండ్ల తరువాత సయితము పరీక్ష ముగియలేదు. ముగియవలసిన పనియు లేదు.

సోదరులారా, పూర్వులను గౌరవించుటకు రెండు మార్గములున్నవి. వారు చెప్పినదానిని శిలాక్షరముగా భావించి కన్నులు మూసికొనుట యొకటి. వారు వెదకినట్లే తామును వెదకుట రెండవది. టాలెమీ తన పూర్వులను రెండవ మార్గముననే గౌరవించెను. ఆతని వెనుకటివారు పెక్కుమంది యాతనిని మొదటి మార్గమున గౌరవించి లోకమునకుఁ గీడుచేసిరి. మన యిండ్లలోని యాచారములను, మన గ్రంథములలోని విధులను బరీక్షించునప్పుడు మనమే మార్గమున నడచుచున్నామో యెవరి హృదయమును వారడుగుకొనవలయును. చెక్కిన శిలను దిద్దుటకు వెనుదీయని ధైర్యమును, సత్యస్వరూపుఁడగు పరమేశ్వరుఁడు మనకందఱకును బ్రసాదించుఁగాక.