కోపమును జయింపలేని సేనాని: జాన్ మెక్‌గ్రా

ఆటస్థలము మానవుని మనస్సును బయలుపఱచు తావు. ఇంటియందును పాఠశాలయందును శాంతముగా మెలగువాడు సయితము, పందెము బిగిసిన సమయమున, తీర్పు తనకు ప్రతికూలమైనపు డెట్లు ప్రవర్తించునో చూచినయెడల వాని నిజస్వభావము తెలియగలదు. అమెరికా దేశమున బేస్‌బాల్ అను బంతియాటకు నాయకులైనవారిలో జాన్ మెక్‌గ్రావలె గెలిచినవారు మిక్కిలి కొద్దిమంది. ఆతనివలె వేలకొలది జనుల యెదుట కోపమునకు లోనై మర్యాద మఱచినవారును కొద్దిమందియే. ఆతని జీవితమున మెచ్చదగినదియు విడువదగినదియు పెనవేసికొని యున్నవి. వానిని వేఱుపఱచి చూచుట విద్యార్థులకు ప్రయోజనకరము.

జాన్ జోసెఫ్ మెక్‌గ్రా 1873వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి ట్రక్స్‌టన్ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి ఐర్లండు నుండి వలసవచ్చిన పేదవాడు. అంతర్యుద్ధమున సైనికుడై, పిదప రైలుమార్గపు పనులతో కుటుంబమును పోషించుచుండెను. 1884-85 చలికాలమున డిఫ్తీరియా అను కంఠవ్యాధి ఆ యింట ప్రవేశించి, తల్లిని, తోబుట్టువులలో పలువురను కొనిపోయెను. జాను నాటికి పదునొకండేండ్ల బాలుడు. దుఃఖముచే కఠినుడైన తండ్రి బాలుని తఱచు కొట్టుచుండుటచే, ఆతడు ఇల్లు విడిచి, పొరుగున పూటకూళ్లిల్లు నడపుచుండిన యొక దయామయి యాశ్రయమున పెరిగెను. రైలుబండ్లలో తినుబండారము లమ్మి నాలుగు కాసులు గడించుచు, తీరిక దొరికినపుడెల్ల బంతి విసరుట నభ్యసించెను.

క్రికెట్టు నెఱిగిన మనకు ఈ యాటను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. జట్టునకు తొమ్మండుగురు ఆటగాండ్రు. తొంబది యడుగుల భుజములు గల చతురస్రము యొక్క నాలుగు మూలలను బేసు లందురు. బంతిని కొట్టినవాడు మూడు బేసులను వరుసగా తాకి, బయలుదేరిన మూలకు మరల చేరెనేని ఒక పరుగు లభించును. అంపైరు తీర్పే తుది తీర్పు. ఆ కాలమున పెక్కు ఆటలకు ఒక్క అంపైరే యుండెడివాడు. బంతి యొకవైపునను, పరుగెత్తువాడు మఱియొకవైపునను ఉన్నపుడు, ఒక్కడు రెంటిని చూచుట యసాధ్యము గదా! వివాదములకు ఇదియే మూలము.

మెక్‌గ్రా 1891లో బాల్టిమోరు నగరపు ఓరియోల్సు జట్టున చేరి, మూడవ బేసు కాపరి యయ్యెను. పొట్టివాడు, బక్కపలుచనివాడు, అయినను చుఱుకుదనమున వానికి సాటి లేకుండెను. 1894, 1895, 1896 సంవత్సరములలో ఆ జట్టు వరుసగా నేషనల్ లీగు విజేత యయ్యెను. చలికాలములలో ఆతడొక కళాశాలలో విద్యార్థులకు ఆట నేర్పి, ప్రతిఫలముగా తాను చదువు నేర్చుకొనెను. ఈ పట్టుదల శ్లాఘనీయము. కాని అంపైరు చూపు మఱలినంతనే, పరుగెత్తబోవు ప్రత్యర్థి నడుముపట్టీ పట్టి యాపుట, త్రోవకడ్డు నిలుచుట, తీర్పు నచ్చనిచో అంపైరు ముఖముపై ముఖముంచి దూషించుట ఆతనికి నిత్యకృత్యములై పోయెను. గెలుపొక్కటియే ధర్మమని నమ్మినవానికి, తక్కిన ధర్మములు అడ్డంకులుగా తోచుట వింతగాదు.

1901లో అమెరికన్ లీగు ప్రధాన లీగుగా వెలసెను. దాని యధ్యక్షుడు బాన్ జాన్సన్. కుటుంబములతో జనులు నిస్సంకోచముగా వచ్చి చూడదగిన మర్యాదగల యాట నెలకొల్పవలెనని, అంపైరుల గౌరవమును కాపాడవలెనని ఆతని సంకల్పము. ఆ లీగునందు బాల్టిమోరు జట్టు నాయకత్వము మెక్‌గ్రాకు లభించెను. అంపైరులతో కలహించినపుడెల్ల జాన్సన్ వానిని ఆటనుండి తొలగించుచుండెను. ఈ స్పర్ధ ముదిరి, 1902 జూలైలో మెక్‌గ్రా ఆ లీగును విడిచి, నేషనల్ లీగునకు చెందిన న్యూయార్కు జయింట్సు జట్టునకు మేనేజరుగా వెడలిపోయెను.

ఆ యేట చిట్టచివర నిలిచిన జట్టును ఆతడు రెండేండ్లలో శిఖరమునకు చేర్చెను. 1904లో జయింట్సు 106 ఆటలు గెలిచిరి. ఇరులీగుల విజేతలు వరల్డ్ సీరీస్ అను పోటీలో తలపడు పద్ధతి అంతకు ముందటి యేడే మొదలై యుండెను. కాని జాన్సన్‌పై పగ తీఱని మెక్‌గ్రాయు, జట్టు యజమాని జాన్ బ్రష్‌యు, అమెరికన్ లీగు విజేతయగు బోస్టన్‌తో ఆడుటకు సమ్మతింపలేదు. ఆ యేట వరల్డ్ సీరీస్ జరుగనేలేదు. అటుపిమ్మట అది జరుగక పోయినది 1994లో, ఆటగాండ్ర సమ్మె కారణముగా, మఱియొక్క పర్యాయము మాత్రమే. ఒకరిద్దఱి కోపము లక్షలాది జనుల సంతోషము నెట్లు హరింపగలదో ఇందువలన తెలియుచున్నది.

1906 ఆగస్టులో మఱొక వింత జరిగెను. జాన్‌స్టన్ అను అంపైరు మెక్‌గ్రాను ఆటనుండి వెడలగొట్టగా, మఱునాడు ఆ అంపైరునే పోలో గ్రౌండ్సు అను జయింట్సు ఆటస్థలమున అడుగిడనీయక ద్వారముకడ నిలిపివేసిరి. జాన్‌స్టన్ చలింపక, వాకిటనుండియే ఆ యాటను ప్రత్యర్థులైన చికాగో జట్టునకు ఇచ్చివేసినట్లు ప్రకటించెను. తోటి అంపైరు ఎమ్స్‌లీ తానొక్కడే ఆట నడపుటకు నిరాకరించి, న్యాయపక్షమున నిలిచెను. బంతిని తాకకయే న్యూయార్కువారు ఓడిపోయిరి.

ఇట్టివాని కత్యంత ప్రియమిత్రుడెవడు? శాంతమునకును సత్ప్రవర్తనకును దేశమంతట పేరొందిన క్రిస్టీ మాథ్యూసన్. బక్‌నెల్ విశ్వవిద్యాలయమున చదివిన ఈతడు బంతి విసరుటలో అద్వితీయుడు. ఆదివారమున ఆడనని నియమము పూనినవాడు. 1905 వరల్డ్ సీరీస్‌లో ఆఱు దినములలో మూడాటలాడి, ప్రత్యర్థుల కొక్క పరుగైన ఈయలేదు. మెక్‌గ్రా దంపతులును మాథ్యూసన్ దంపతులును కొంతకాలము ఒకే యింట కాపురముండిరి. మిత్రుని గుణము నింత దగ్గఱగా చూచియు, మెక్‌గ్రా దానిని మెచ్చుకొనెనే కాని అలవఱచుకొనలేక పోయెను.

అయినను ఆతని హృదయము రాతిది కాదు. 1908 సెప్టెంబరు 23వ తేదీన చికాగోతో జరిగిన యాటలో, గెలుపు పరుగు వచ్చినదని తలచి, పందొమ్మిదేండ్ల ఫ్రెడ్ మెర్కిల్ రెండవ బేసును తాకకయే మఱలిపోయెను. ఆ పొరపాటువలన ఆట సమమని నిర్ణయింపబడి, అక్టోబరు 8వ తేదీన తిరిగి యాడగా, జయింట్సు ఓడి, ఆ యేటి విజయమును కోల్పోయిరి. పత్రికలును ప్రజలును ఆ బాలుని గేలిసేసిరి. మెక్‌గ్రా మాత్ర మొక్క నిందావాక్యమైన పలుకక, పెక్కేండ్లు వానిని జట్టునం దుంచి ఆదరించెను. 1912 వరల్డ్ సీరీస్ చివరియాటలో బంతిని జాఱవిడిచిన స్నాడ్‌గ్రాస్‌కు మఱుసటి యేట జీతము పెంచెను. దారిద్ర్యమున పడిన పూర్వపు ఆటగాండ్రకు పోలో గ్రౌండ్సునందు కాపలా కొలువు లిప్పించెను. ఎదుటివాని పొరపాటును క్షమింపగల యీతడు, అంపైరు పొరపాటును మాత్రము క్షమింపలేక పోవుట విచిత్రము!

ఆతనికి సరియైన ప్రతియోధుడు ఫిలడెల్ఫియా జట్టు మేనేజరు కానీ మాక్. ఈ పొడుగైన పెద్దమనిషి ఆటగాండ్ర దుస్తులు ధరింపక, కోటును టోపీయు ధరించి, బల్లపై కూర్చుండి, చేతి కాగితముతో సైగచేసి జట్టును నడపుచుండెడివాడు, గొంతెత్తుట యరుదు. వీరిరువురు వరల్డ్ సీరీస్‌లో మూడుమాఱులు తలపడిరి. 1905లో మెక్‌గ్రాయు, 1911లోను 1913లోను మాక్‌యు గెలిచిరి. గెలుచుటకు అఱపులు అవసరము లేదని మాక్ జీవితమే నిరూపించుచున్నది.

1913 పరాజయము మెక్‌గ్రాకు మఱొక నష్టము తెచ్చెను. బాల్టిమోరునాటి నుండి ఇరువదేండ్ల స్నేహితుడు, వ్యాపారమున భాగస్వామి, జట్టున సహాయకుడునగు విల్బర్ట్ రాబిన్సన్‌ను, ఆటలోని యొక పొరపాటునకై పదుగురిలో నిందించెను. మాటకు మాట పెరిగి, రాబిన్సన్ వెడలిపోయి బ్రూక్లిన్ జట్టునకు మేనేజరయ్యెను. ఒకే నగరమున నివసించుచు, ఏటేట ఎదురుపడుచును, ఆ మిత్రులు పెక్కు సంవత్సరములు పలుకరించుకొనలేదు.

ఆ చలికాలముననే మెక్‌గ్రా చికాగో వైట్ సాక్సు జట్టుతో కలిసి ప్రపంచయాత్ర సాగించెను. జపాను, చీనా, ఆస్ట్రేలియా దేశములు చూచి, మన పొరుగునున్న సింహళద్వీపమున కొలంబో రేవున దిగి, ఈజిప్టు మీదుగా ఐరోపా చేరి, 1914 ఫిబ్రవరిలో లండనునందు అయిదవ జార్జి చక్రవర్తి సముఖమున ఆడిరి.

వయస్సు మీఱినను కోపము తగ్గలేదు. 1917 జూన్‌లో సిన్సినాటి నగరమున ఆట ముగిసిన వెంటనే బిల్ బైరన్ అను అంపైరును ముష్టితో కొట్టెను. లీగు అధ్యక్షుడు జాన్ టెనర్ 500 డాలర్ల జుల్మానా విధించి, పదునాఱు దినములు ఆటనుండి తొలగించెను. అంతట మెక్‌గ్రా పత్రికలవారియొద్ద అధ్యక్షునే దూషించి, పిదప అట్లనలేదని బొంకగా, విచారణ జరిగి మఱి వేయి డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. కోపము ఒక తప్పుతో ఆగదు. దానిని కప్పుటకు మఱొక తప్పును వెంటబెట్టుకొని వచ్చును.

1921, 1922లలో ఆతడు వరల్డ్ సీరీస్ గెలిచెను. 1924లో పదియవ పర్యాయము లీగు విజేత యయ్యెను. అదియే చివరిది. ఫ్రాంకీ ఫ్రిష్ అను ప్రతిభావంతుని, తన వారసుడగునని తలచిన వానినే, పదేపదే తిట్టిపోయుచుండెను. 1926 ఆగస్టులో ఆ యువకుడు సహింపలేక జట్టును విడిచి వెడలిపోయెను. ఆ డిసెంబరున వానిని సెయింట్ లూయిస్ జట్టునకు మార్చివేసిరి. అక్కడ ఫ్రిష్ నాలుగు పర్యాయములు లీగు విజయమున పాలుపంచుకొని, 1934లో మేనేజరుగా వరల్డ్ సీరీస్ గెలిచెను. న్యూయార్కువారి యింటి దీపము పొరుగింట వెలిగెను.

రోగపీడితుడై మెక్‌గ్రా 1932 జూన్ 3వ తేదీన పదవిని విడిచెను. 1933 జూలై 6వ తేదీన చికాగోలో జరిగిన మొట్టమొదటి ఆల్‌స్టార్ ఆటలో, వృద్ధ ప్రతియోధుడు కానీ మాక్‌కు ఎదురుగా చివరిసారి నాయకత్వము వహించెను. 1934 ఫిబ్రవరి 25వ తేదీన దివంగతుడై, బాల్టిమోరున సమాధి చేయబడెను. అంతకు కొంతకాలము ముందే రాబిన్సన్‌తో సఖ్యము కుదిరియుండెను. ఆ మిత్రుడును ఆ యేటి ఆగస్టుననే కన్నుమూసెను. పోగొట్టుకొన్న యేండ్లను మాత్రము వారికి తిరిగి యిచ్చువారెవరు?

మేనేజరుగా ఆతడు గెలిచిన యాటలు 2,763. కానీ మాక్ తరువాతి స్థానము ఆతనిదై, 2021లో టోనీ లా రూసా దానిని దాటువఱకు నిలిచెను. అంపైరులచే వెడలగొట్టబడుటలో నూటికి పైబడిన ఆతని లెక్కయు 2007లో బాబీ కాక్స్ దాటువఱకు చెక్కుచెదరలేదు. ఈ రెండు లెక్కలును ఒకే పేరుప్రక్కన వ్రాయబడి యున్నవి. 2014 నుండి ఆ యాటలో అనుమానమైన తీర్పులను చిత్రముల సహాయమున తిరిగి పరిశీలించు పద్ధతి విస్తరించినది. అయినను మేనేజరులు నేటికిని కోపించుచునే యున్నారు, వెడలగొట్టబడుచునే యున్నారు. యంత్రము తీర్పును దిద్దగలదు కాని మనస్సును దిద్దజాలదు.

విద్యార్థులారా! మెక్‌గ్రా పట్టుదలను, చదువునందలి యాసక్తిని, పడినవారియెడ చూపిన కరుణను గ్రహింపుడు. కోపమే ఆతనికి గెలుపు తెచ్చెనని మాత్రము భ్రమపడకుడు. బుద్ధియు శ్రమయు గెలుపును తెచ్చెను. కోపము వరల్డ్ సీరీస్‌ను, మిత్రుని, శిష్యుని దూరము చేసెను. మన పాఠశాల ఆటస్థలమున తీర్పు ప్రతికూలమైన నాడు ఈ సేనానిని జ్ఞప్తికి దెచ్చుకొని, అంపైరునకు తలవంచి, తిరిగి మీ స్థానమున నిలువుడు.