పాత రాతలు చదివిన మఠవాసి



మీ విచారణలోని పాత జ్ఞానస్నాన పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? తాతల నాటి చేతిరాతే మనకు ఒక పట్టాన అంతుపట్టదు. మరి వెయ్యేళ్ళ నాటి లాతీను రాత మాటేమిటి? ఆ రాతలను పరిశీలించే శాస్త్రానికి పునాది వేసినవారు ఒక బెనెడిక్టు సభ మఠవాసి, ఫాదర్ జాన్ మబియోన్.

ఆయన 1632లో ఫ్రాన్సు దేశంలోని ఒక పల్లెలో, రైతు కుటుంబంలో జన్మించారు. 1653లో రైమ్స్ నగరంలోని మఠంలో చేరి, 1660లో గురుపట్టం పొందారు.

1675లో యేసుసభ గురువు ఫాదర్ డేనియల్ పాపెబ్రోక్, బెనెడిక్టు మఠాలు భద్రపరచుకున్న పురాతన దస్తావేజులలో అనేకం దొంగవని వ్రాశారు. మఠాల పరువుకే ముప్పు వచ్చింది. మబియోన్ వాదులాటకు దిగలేదు. ఆరేళ్ళు ఓపికగా పపైరస్ రెల్లు పత్రాలను, తోలు పత్రాలను పోల్చి చూశారు. అక్షరాల తీరు, ముద్రలు, తేదీ వేసే పద్ధతి, వీటినిబట్టి అసలేదో నకిలీ ఏదో తేల్చే సూత్రాలను 1681లో లాతీను గ్రంథంగా వెలువరించారు.

అది చదివిన పాపెబ్రోక్, తాను పొరబడ్డానని ఒప్పుకొని, మబియోన్‌ను మెచ్చుకుంటూ లేఖ వ్రాశారు!

మబియోన్ చెప్పినవన్నీ నిలవలేదు. లాతీను రాతలు జాతికొకటిగా వేరువేరని ఆయన తలచారు. అవన్నీ ఒకే రోమను రాత బిడ్డలని 18వ శతాబ్దంలో ఇటలీ పండితుడు మాఫెయి చూపారు.

1707 డిసెంబరు 27న మబియోన్ ప్యారిస్‌లో ప్రభువు సన్నిధి చేరారు.

ఇంట్లోగాని, సంఘంలోగాని మాట పట్టింపు వచ్చినపుడు ఈ ఇద్దరు గురువులను తలచుకుందామా?