నక్షత్రాలకు కొలత, పంక్తికి కులం

భౌతికశాస్త్ర విద్యార్థులకు సాహా సమీకరణం తెలుసు. దాన్ని కనుగొన్న మేఘనాద్ సాహా తమ పంక్తిలో కూర్చోవడానికి కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్‌లో కొందరు అగ్రకుల విద్యార్థులు అభ్యంతరం చెప్పారనీ, సరస్వతీ పూజకు ఆయనను దూరం పెట్టారనీ తెలిసినవారు తక్కువ. పాఠ్యపుస్తకంలో సమీకరణం ఉంటుంది, భోజనశాల ఉండదు.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా సమీప గ్రామంలో చిన్న దుకాణదారుని ఇంట పుట్టారు. పై తరగతుల కోసం వేరే ఊరిలో ఒక వైద్యుని ఇంట ఆశ్రయం దొరికింది. తన కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి అన్నవి షరతులు. బెంగాల్ విభజన కాలంలో గవర్నర్ రాకపై నిరసనలో పాల్గొన్నందుకు ఢాకా కాలేజియేట్ స్కూలులో సీటు, ఉపకార వేతనం రెండూ పోయాయి.

ఆయనను దళిత శాస్త్రవేత్తగా పరిచయం చేయడం ఇటీవల పరిపాటి అయింది. అది సరికాదు. పశ్చిమ బెంగాల్ షెడ్యూల్డ్ కులాల జాబితా సుండి కులాన్ని చేర్చుతూనే సాహాలను మినహాయించింది. అయితే హాస్టల్ భోజనశాలకు ఆ తేడా పట్టలేదు.

ఒక ఉష్ణోగ్రత, పీడనం వద్ద ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయో 1920లో ఆయన సూత్రీకరించారు. అంతవరకు వర్ణపటాల వర్గీకరణగా మాత్రమే ఉన్న తారల వరుస ఉష్ణోగ్రతల కొలమానంగా మారింది. 1925లో సిసిలియా పేన్ ఈ సూత్రంతోనే నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనే అని తేల్చారు.

వేడి తారల కాంతిలో అధికభాగం అతినీలలోహితం. దాన్ని ఓజోన్ పొర భూమికి చేరనివ్వదు. అందుకే ఆ పొరకు పైనుంచి సూర్యుణ్ణి చూడాలని సాహా 1937లో హార్వర్డ్ వేధశాల బులెటిన్‌లో ప్రతిపాదించారు. 1946లో అమెరికన్లు వి-2 రాకెట్‌తో ఆ పని చేశారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శిని ఒకే చూపులో దాదాపు పూర్ణచంద్రుడంత ఆకాశాన్ని చిత్రిస్తుంది. అది నేరుగా ఇచ్చేది ఫోటాన్ల లెక్క మాత్రమే. దాన్ని ప్రకాశంగా మార్చాలంటే ప్రకాశం ముందే తెలిసిన తార ఒకటి కావాలి. ఇక్కడ ఆ కొలబద్ద హెచ్‌జెడ్ 4 అనే శ్వేత కుబ్జ తార. దాని వాతావరణం దాదాపు హైడ్రోజనే కనుక కాంతిని సిద్ధాంతంతో లెక్కగట్టవచ్చు. అయనీకరణ సూత్రం లేకుండా ఆ గణన సాగదు.

చేతిపనిని, మేధను కులం విడదీసినందువల్లే ఈ దేశంలో విజ్ఞానం ఎండిపోయిందన్నది సాహా నిశ్చితాభిప్రాయం. 1938లో శాంతినికేతన్ ప్రసంగంలో ఆ మాట చెప్పినందుకు సంప్రదాయవాదులు విరుచుకుపడ్డారు. అన్నీ వేదాల్లోనే ఉన్నాయనే వాదాన్ని ఆయన బెంగాలీ పత్రికలో సుదీర్ఘంగా ఎండగట్టారు. ప్రయోగశాలలోనే ఉండిపోమన్న హితవులు పెడచెవిన పెట్టి 1952లో లోక్‌సభకు గెలిచారు.

చివరి పెద్ద పని పంచాంగ సంస్కరణ. విషువత్తుల చలనాన్ని లెక్కలోకి తీసుకోనందున పంచాంగకర్తల సంవత్సరాది సుమారు 23 రోజులు జరిగిపోయిందని ఆయన అధ్యక్షతలోని కమిటీ చూపింది. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళ్తూ ఆయన కుప్పకూలి మరణించారు. 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వం ఆ శక క్యాలెండర్‌ను అమలుచేసింది. పెళ్లి ముహూర్తాలు మాత్రం పాత పంచాంగాల ప్రకారమే నడుస్తున్నాయి.